కాకికి లోకువ

ఆ ఉదయం మబ్బు బాగా కిందికి దిగి ఉంది. మబ్బు దిగిన రోజు కాకులూ దిగుతాయి. దొడ్డి కంచె మీద అప్పటికే బారు తీరి కూర్చున్నాయి.

తమ్ముడు చచ్చిన గొర్రెపిల్లను తెచ్చి అక్క కాళ్ళ ముందు పడేశాడు. దాని ఒంటి తడి ఇంకా ఆరలేదు. కళ్ళ చోట రెండు గుంటలున్నాయి.

“నువ్విక్కడే ఉన్నావు కదక్కా?”

“ఉన్నాను.”

“మరి ఆ కర్ర దేనికి? వీపు గోక్కోవడానికా?”

కాకి వెనకనుంచి వచ్చిందనీ, తను లేచేలోపే పొడిచేసిందనీ అక్క నెమ్మదిగా చెప్పింది. గొర్రెలు ఈనే ఈ కాలంలో ఇలా పోయిన పిల్ల ఇదొక్కటే కాదు. ప్రతిసారీ ఆమె అదే మాట చెబుతోంది. తమ్ముడు దొడ్డిలో ఉంటే కాకి కంచె దిగదు. అతడి భార్య చీపురుతో కనబడితే కంచె కూడా వదిలేస్తుంది. అక్క ఒక్కతే కాపలా ఉన్నప్పుడు మాత్రం గొర్రెల మధ్య పెళ్ళివారిలా తిరుగుతుంది.

“వదిన కునుకు తీస్తుందని నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాను. చెవి దగ్గర డప్పు కొట్టినా లేవదు,” అంది మరదలు పాలచెంబుతో పోతూ. దొడ్డి పైన వల కట్టించమని మళ్ళీ అడిగింది. మనమేం చేపలు పెంచుతున్నామా అని విసుక్కున్నాడు తమ్ముడు.

పక్క పొలం ఆసామి దగ్గర తుపాకీ అడిగి తెచ్చాడు. ఇస్తూ ఆయన ఒక కిటుకు చెప్పాడు. దొడ్డి పక్క కొట్టంలోకి మనిషి వెళ్ళడం చూసిందంటే, వాడు బయటికొచ్చేదాకా కాకి కిందికి దిగదట. నలుగురైదుగురు కలిసి వెళ్తేనే లెక్క తప్పుతుందట. అదే పూట గడ్డి బండి వస్తోంది. కూలీలతో పాటు మోపు ఎత్తుకుని కొట్టంలోకి వెళ్ళి అక్కడే ఉండిపోవాలనుకున్నాడు తమ్ముడు. అక్కకు మాత్రం బండితో పాటు ఊళ్ళోకి పోతున్నానని చెప్పాడు.

సంగతి తెలిసి భార్య అతణ్ణి పక్కకు పిలిచింది. “కాకిని కొట్టడానికా, వదినను పట్టుకోవడానికా?”

“రెండూ.”

తనే వెళ్ళి వదిన పక్కన కూర్చుంటానంది. నువ్వుంటే కాకి ఎందుకు వాలుతుందన్నాడు అతడు. ఆమె ఇంకేదో అనబోయి లోపలికి వెళ్ళిపోయింది.

కూలీలు గడ్డి దించి వెళ్ళిపోయారు. బండి చప్పుడు దూరమైంది. తమ్ముడు కొట్టం తడికకు కన్ను ఆనించి చూశాడు. అక్క బండ మీద కూర్చుని ఉంది. కర్ర ఒళ్ళో ఉంది. ఆమెకు ఎదురుగా, బాగా దగ్గరలోనే, ఒక గొర్రె ఈనుతోంది. పిల్ల తల బయటికొచ్చింది.

కాకి కంచె దిగింది. గెంతుకుంటూ అక్క ముందునుంచే పోయింది. ఆమె కునుకు తీయడం లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ముఖం సరిగ్గా కాకి వైపే ఉంది. కర్ర ఎత్తుతుందని తమ్ముడు ఎదురుచూశాడు. ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. కాకి ఆ గొర్రెపిల్ల తల మీదికి వంగింది.

అతడు కాల్చాడు. కాకి అక్కడే పడింది. మిగతావి గోలగోలగా లేచిపోయాయి. పిల్ల బతికింది గానీ, ఒక కన్ను అప్పటికే పోయింది.

“నిద్రపోయుంటే ఊరుకునేవాణ్ణి,” అన్నాడు తమ్ముడు. “కళ్ళప్పగించి చూస్తూ కూర్చున్నావు. నా గొర్రెల మీద ఏం పగే నీకు?”

అక్క కర్రను రెండు చేతులా పట్టుకుంది. “నిద్రపోయాన్రా.”

“కళ్ళు తెరుచుకునా?”

“కొందరికి అలాగే పడుతుంది నిద్ర,” అంది అప్పుడే పరుగున వచ్చిన మరదలు. “నేను చెబుతూనే ఉన్నాను కదా.”

రేపటినుంచి దొడ్డివైపు రావద్దని తమ్ముడు అక్కకు చెప్పేశాడు. ఆమె కర్రను కింద పెట్టింది. తర్వాత అడిగింది. “కాపలా కూడా తీసేస్తే, ఈ ఇంట్లో నేను ఏం చేసి తినాలిరా?”

అతడు తుపాకీ తిరిగి ఇచ్చేయడానికి పక్క పొలానికి బయలుదేరాడు.

మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. తమ్ముడు కూర గిన్నె అందుకోబోతే మోచెయ్యి తగిలి అక్క మంచినీళ్ళ గ్లాసు అవతలికి జరిగింది. అతడు దాన్ని పట్టించుకోలేదు. కాసేపటికి అక్క చెయ్యి నీళ్ళకోసం చాచింది. ఆ చెయ్యి గ్లాసు మొదట ఉన్న చోటికే వెళ్ళింది. అక్కడ నేలను తడిమింది. ఇంకాస్త అవతల తడిమింది. ఆమె కళ్ళు మాత్రం ఎదుటి గోడ మీదే ఉన్నాయి.

తమ్ముడి చేతిలో ముద్ద ఆగిపోయింది.

మరదలు తలెత్తలేదు. తింటూనే, ఎడమచేతి గాజుతో గ్లాసును రెండుసార్లు టక్కుటక్కుమనిపించింది. అక్క చెయ్యి తడుముకోకుండా ఆ చప్పుడు దగ్గరికి వెళ్ళి గ్లాసు అందుకుంది.

రోజూ కంచాల దగ్గర వినబడే ఆ చప్పుడును అతడు ఇన్నాళ్ళూ ఆడబిడ్డ మీద పెళ్ళాం చూపించే విసురనుకున్నాడు.