పన్నెండు శాతం

పొద్దున పదిన్నరకు మేనేజరు చేతిలో ఉన్న సరుకు పన్నెండు శాతం.

యజమాని ఇచ్చిన చీటీలో అంతే రాసి ఉంది. "రంగుల విభాగంలో మీరిద్దరే కదయ్యా, నువ్వూ, ఆ రంగులు కలిపే ఆవిడా. ఈ ఏటి పెంపు ఇద్దరికీ కలిపి పన్నెండు. ఎవరికెంతో నువ్వే మాట్లాడి తేల్చు. ఆవిడ సంతకం కూడా తీసుకో" అని చెప్పి పంపాడు.

ఆ పెయింట్ కంపెనీలో జీతం అంకె నోట పలకడం నేరం. ఎవరి అంకె వాళ్ళకు తెలుసు. అన్ని అంకెలూ యజమానికీ, లెక్కల గుమాస్తాకీ తెలుసు. పైకి మాట్లాడుకునేదంతా శాతాల్లోనే. "నీకెంత?" అంటే "ఆరు" అనొచ్చు. దేనిమీద ఆరని అడిగితే మాత్రం ఉద్యోగం ఊడుతుంది.

మేనేజరుకు కావలసింది ఎనిమిది. ఆ లెక్క ఆయన భార్య వేసి పెట్టింది. వాళ్ళ కాపురం పిండిమర మీది వాటాలో. మర తిరిగినప్పుడల్లా మంచం జానెడు జరుగుతుంది. రెండు వీధుల అవతల ఒక ఇల్లు ఖాళీ అయింది. దాని అద్దెకూ ఇప్పటి అద్దెకూ తేడా సరిగ్గా ఆయన జీతంలో ఎనిమిది శాతం.

"ఈసారీ మూడో నాలుగో పట్టుకొచ్చారంటే, మీరూ ఆ మరా కలిసి కాపురం చేసుకోండి. నేను మా అక్క దగ్గరికి పోతా" అని పొద్దున భోజనం డబ్బా చేతికిస్తూ మరీ చెప్పింది.

అంచేత ఆరూ ఆరూ పంచితే పని జరగదు. మేనేజరు రంగులావిడను పిలిపించాడు. ఆవిడ గోళ్ళలో పచ్చరంగుతో అలాగే వచ్చింది.

"కూర్చోమ్మా. టీ చెప్పనా?"

"పెంపు గురించయితే వద్దు సార్. టీ తాగితే మొహమాటం వస్తుంది."

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "సరే, ఎంతనుకుంటున్నావ్?"

"ఏడు."

"ఏడా!" ఆయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "కంపెనీ పరిస్థితి చూస్తున్నావు కదమ్మా."

"చూస్తున్నా సార్. పోయిన నెల రెండు కొత్త మెషిన్లు కొన్నారు."

"అందుకే డబ్బు లేదు. అయినా మీ ఆయన కూడా సంపాదిస్తున్నాడాయె."

"మీ ఆవిడగారు బట్టలు కుడతారు కదా సార్. అందుకని మీకెప్పుడైనా తగ్గించారా?"

ఈ దారి మూసుకుపోయిందని మేనేజరు ఇంకో దారి పట్టాడు. "పోనీ, హోదా పెంచుతా. 'ప్రధాన వర్ణ నిపుణురాలు'. నీ గది తలుపు మీద బోర్డు పెట్టిస్తా."

"నా గదికి తలుపు లేదు సార్."

"తలుపూ పెట్టిస్తా!"

"తలుపు పెడితే వెలుతురు పోతుంది, రంగుల్లో తేడా వస్తుంది. ఎందుకులెండి, అయిదున్నర చెయ్యండి."

మేనేజరు చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఎవరూ నెట్టకుండానే ధర దానంతటదే కిందికి జారింది. ఇక తొందరపడనక్కర్లేదు. కుర్చీలో వెనక్కి వాలి కాస్త జ్ఞానబోధ మొదలుపెట్టాడు.

"ఒక మాట చెప్తా, నొచ్చుకోకు. మీ ఆడవాళ్ళకు అడగడం చేతకాదమ్మా. ఏడన్నాక ఏడు మీదే నిలబడాలి."

"చేరేటప్పుడు యజమానిగారి దగ్గర నిలబడ్డాను సార్. ప్రతిసారీ ఏం నిలబడతాం, కాళ్ళు నొప్పి."

మేనేజరు పెద్దగా నవ్వాడు. తనకయితే ఆ కాళ్ళ నొప్పి ఏనాడూ లేదు. పదకొండేళ్ళ కిందట చేరినప్పుడు యజమాని జీతం మాట ఎత్తితే "మీ ఇష్టమండీ" అన్న నమ్మకస్తుడాయన. ఆ తర్వాత ఇచ్చిందల్లా కళ్ళకద్దుకున్నాడు.

"నాలుగు" అన్నాడు.

"నాకు నాలుగయితే మీకు ఎనిమిది."

"బాధ్యతను బట్టి ఉంటుంది కదమ్మా. మేనేజర్ని."

ఆవిడ గోటి పచ్చరంగు గీక్కుంటూ కాసేపు కిటికీలోంచి చూసింది. మేనేజరుకు కాళ్ళ కింద మర తిరుగుతున్నట్టే ఉంది.

"సరే సార్, నాలుగు. కానీ శనివారాలు మధ్యాహ్నం నుంచి నాకు సెలవు. కాగితం మీద కావాలి."

శనివారాలు కంపెనీవి, తన జేబులోవి కావు. మేనేజరు ఉదారంగా రాసిచ్చాడు. ఆవిడ రెండు కాగితాల మీదా సంతకం చేసి, "ఇప్పుడు టీ చెప్పండి సార్" అంది.

చీటీ చూడగానే యజమాని మొహం విప్పారింది. "నీకు ఎనిమిది, ఆవిడకు నాలుగు! భేష్! పెద్ద ఖర్చు తప్పించావయ్యా" అంటూ పదకొండేళ్ళలో మొదటిసారి భుజం తట్టాడు.

మేనేజరు వరండాలోకి వచ్చి ఇంటికి ఫోను చేశాడు.

"ఎనిమిదే! ఆ ఇంటికి అడ్వాన్సు ఇచ్చెయ్."

"నిజంగానా! మరి ఆవిడకెంత?"

"నాలుగు."

"అయ్యో, మీదాంట్లో సగమేనా! పాపం."

"ఏం చేస్తాం? అడగడం రాదు."

సాయంత్రం లెక్కల గుమాస్తా గది తలుపు గడియ పెట్టుకుని, ఇద్దరి జీతాల మీదా శాతాలు వేసి, ఎవరికెంత పెరిగిందో పక్కపక్కనే రాశాడు. మేనేజరుకు ఎనిమిది, రంగులావిడకు నాలుగు.

డబ్బుల్లో ఆ నాలుగే ఎక్కువ.