భూలక్ష్మికి ఏమైంది?

కంచంలో కూర లేదు. తెల్లటి అన్నం ఒక్కటే ఉంది.

"కూరేది?" అన్నాడు యాదయ్య.

భూలక్ష్మి భర్త ముఖంలోకి చూసింది. కంచంలోకి చూసింది. కంచాన్ని కొంచెం తిప్పింది. అప్పుడు కనిపించింది టమాట కూర. ఎప్పుడు వేసిందో ఏమో!

"ఇప్పుడేసి, ముందే ఏసినట్టు సూస్తవేంది?"

"ముందే ఏసిన," అంది.

యాదయ్య గుండెల్లో రాయి పడింది.

ప్రమాదం జరిగి ఆ రోజుకు తొమ్మిది రోజులు. కొండాపూర్‌లో లేస్తున్న ఓ టవర్‌లో మొగుడూ పెళ్లాలిద్దరికీ పని. అతను గోడ కడతాడు, ఆమె సిమెంటు మాలు అందిస్తుంది. ఆ మధ్యాహ్నం ఇద్దరూ కింద ఇసుక దగ్గర నిలబడి ఉండగా పైనుంచి సెంట్రింగ్ చెక్క జారి ఇద్దరి మీదా పడింది. హెల్మెట్ ఉండబట్టి యాదయ్యకు చుక్క రక్తం రాలేదు. భూలక్ష్మి చెమట తుడుచుకోవడానికి అప్పుడే హెల్మెట్ తీసింది. నుదురు చీలింది. సందు చివరి క్లినిక్‌లో నాలుగు కుట్లు వేసి, గోలీలిచ్చి పంపేశారు.

"ఏం గాలే. మంచిగున్నది," అన్నాడు సూపర్‌వైజర్ రాజేందర్.

ఆ మాటే యాదయ్యను భయపెట్టింది. రెండేళ్ల కింద జీడిమెట్లలో షెడ్డు కడుతున్నప్పుడు తోటి కూలీ కొమురయ్య తలకు ఇనుప పైపు తగిలింది. నవ్వుతూ లేచాడు. చాయ్ తాగాడు. వారం రోజులు పని కూడా చేశాడు. తర్వాత ఒకరోజు మాట తడబడింది. మర్నాడు మనుషుల్ని గుర్తుపట్టలేదు. మూడో రోజు పోయాడు. తలలో రక్తం మెల్లమెల్లగా చేరి గడ్డకట్టిందట. ముందే తెస్తే బతికేవాడన్నారు. శవాన్ని బండెక్కించింది యాదయ్యే.

అందుకే భార్య మీద నుంచి కన్ను తిప్పడం లేదు.

మొదట్లో బాగానే ఉంది. మొన్నటి నుంచే తేడా. ఆమె మాట బిందెలోంచి వచ్చినట్టు వినిపిస్తోంది. ఒక్కోసారి అర్థమే కావడం లేదు. నిన్న అతను కట్టిన గోడ దగ్గరికొచ్చి ఇటుకలు తీసి మళ్లీ పేర్చింది. వంకర పోతోందట! పద్దెనిమిదేళ్లుగా తాపీ పట్టిన చెయ్యి అతనిది. సాయంత్రం అతని కాళ్ల దగ్గర కూర్చుని చెప్పు తొడిగింది, పసిపిల్లాడికి తొడిగినట్టు. ఊరికే ఏడుస్తోంది. ఈ ఫికరుతో అతనికి తల పగిలిపోతోంది.

మొన్న, నిన్న, ఇవాళ. మూడు రోజులు.

భూలక్ష్మి కంచం పక్కకు జరిపి, అతని ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"నా పేరేంది?" అంది.

యాదయ్య ఆమె కళ్లలోకి చూశాడు. తన పేరే మర్చిపోయింది!

"చెప్పు. నా పేరేంది?"

"భూ... భూలక్ష్మి." భయంతో అతని నాలుక మడతపడింది. "నువ్వు భూలక్ష్మివి. నేను యాదయ్యను. మన పింకీ హాస్టల్ల సదువుతున్నది. యాదికున్నదా?"

ఆమె బావురుమంది. "దవాఖానకు పోదం, నడువు. ఇప్పుడే."

అతనూ అదే అనబోయాడు. తన జబ్బు తనకే తెలిసిపోయినట్టుంది, పాపం.

సైటు గేటు దగ్గర రాజేందర్ అడ్డం వచ్చాడు. "పని ఇడిచిపెట్టి యాడికి?"

భూలక్ష్మి అతని దగ్గరికి పోయి మెల్లగా ఏదో చెప్పింది. రాజేందర్ ముఖం పాలిపోయింది. తానే ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తాడు.

ఆటో దాకా నడుస్తున్నంతసేపూ భూలక్ష్మి అతని జబ్బ పట్టుకుని ఒక పక్కకు లాగుతూనే ఉంది. తిన్నగా నడవలేకపోతోంది. ఆమె బరువుకు అతని కాలు నేల మీద ఈడ్చుకుపోయింది.

"గట్టిగ పట్టుకో, పడిపోతవ్," అన్నాడు.

"పట్టుకున్న," అంది.

ఫ్లైఓవర్ మీద కార్లు ఇంచు కదలడం లేదు. రెండు పక్కలా అద్దాల మేడలు ఎండకు మెరిసి కళ్లలో గుచ్చుకుంటున్నాయి. యాదయ్య కళ్లు మూసుకుని దేవుళ్లందరికీ మొక్కాడు. కళ్లు తెరిచేసరికి దవాఖాన వచ్చింది.

డాక్టరమ్మది చిన్న వయసు. యాదయ్య భార్యను నోరు విప్పనివ్వలేదు. చెక్క పడిన దగ్గర్నుంచి పొద్దుటి కూర దాకా అంతా తానే చెప్పాడు. డాక్టరమ్మ కదలకుండా అతన్నే చూస్తూ వింది.

"వాంతులయ్యాయా?" అని భూలక్ష్మిని అడిగింది.

"రాత్రి నిద్రమత్తుల రెండుసార్లు మేడం."

ఆ సంగతి తనకు చెప్పనేలేదు!

డాక్టరమ్మ లేచింది. "సిస్టర్, స్ట్రెచర్ తెప్పించండి. స్కాన్ అర్జెంట్. సర్జన్ గారికి ఫోన్ చెయ్యండి."

యాదయ్య కుర్చీలో ముందుకు వంగాడు. "బతుకుతదా మేడం?"

"ఇంకో పూట ఆగితే చెప్పలేకపోయేదాన్ని. ఇవాళే ఆపరేషన్ చేస్తే ఆశ ఉంది."

స్ట్రెచర్ వచ్చింది. "రా లక్ష్మీ, పండుకో. నేనిక్కడే ఉంట," అన్నాడు యాదయ్య. భూలక్ష్మి కదల్లేదు.

డాక్టరమ్మ అతని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "ముందు మీరొక పని చెయ్యండి. రెండు చేతులూ ముందుకు చాపండి."

"నాకెందుకు మేడం? ఆమెను సూడుండ్రి."

"ఒక్కసారి చాపండి."

"ఇగో, రెండూ చాపిన! ఇగనన్న ఆమెను సూడుండ్రి, మీ కాల్మొక్త!"

ఒళ్లో కదలకుండా పడి ఉన్న అతని ఎడమ చేతిని భూలక్ష్మి తన రెండు చేతులతో ఎత్తి డాక్టరుకు చూపించింది.