అరవై కార్డుల కట్ట

"ఏనుగునిచ్చి గట్టు పట్టుకెళ్తారేంటండీ!" తోమా పకపకా నవ్వాడు. "మా చేపల చెరువుల మీద బోలెడు గట్లున్నాయి. రండి, ఊరికే ఇస్తాను."

భాస్కరరావు నవ్వలేదు. తన ఏనుగు కార్డును హాలు చూసుకునే దీవెన చేతికిచ్చి, తోమా దగ్గరున్న మూడు గట్టు కార్డులూ తెప్పించుకున్నాడు. నలభై ఏళ్ళు తాడేపల్లిగూడెంలో ధాన్యం బేరాలు చేసిన మనిషి. నష్టానికి ఇచ్చాడంటే దాని వెనక ఏదో లెక్క ఉంటుంది.

ఆ హాల్లో ఆడేది నలుగురు. భాస్కరరావు, ఆకివీడు వైపు చెరువులకు కాపలా ఉండే తోమా, రిటైరైన టీచరు సత్యవతి, పెంటపాడు నుంచి వచ్చే జెస్సీ. జెస్సీకి ఇరవై ఆరేళ్ళు. సోమ, బుధ, శుక్రవారాలు ఆట. పదింటికి మొదలు, రెండింటికి ఆఖరు.

దీవెన పేకాటకు ఒప్పుకోలేదు. అందుకని భాస్కరరావు ఫ్యాన్సీ షాపులో ఈ యుద్ధం కార్డుల స్టార్టర్ సెట్లు రెండు కొన్నాడు. పెట్టెకు రెండు కట్టలు, కట్టకు అరవై కార్డులు. మనిషికి నలభై ప్రాణాలు. సున్నాకు దిగినవాడు ఓడినట్టు.

మొన్న సోమవారం ఆట మధ్యలో జెస్సీ కార్డులు బోర్లా పెట్టేసింది.

"ఇక నేను రానండీ బాబాయిగారూ."

"ఏమ్మా, తోమా కొడుతున్నాడని కోపమా?" అన్నాడు భాస్కరరావు.

"అది కాదండీ. వచ్చిన రోజు పోయె, మర్నాడూ పోయె. మూడేళ్ళు. ఏం మిగిలిందండీ నాకు? అమ్మకి కూడా చెప్పేశాను."

సత్యవతి చోటు ఇదివరకు జ్ఞానయ్యది. ఒక శుక్రవారం ఆయన రాలేదు. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. ఇంకో చోటు ఖాళీ అవడం చూడటం భాస్కరరావు వల్ల కాదు. బేరానికి దిగాడు.

"ఒక్క ఆట. బుధవారం మొదలెడదాం. నువ్వు నెగ్గేదాకానో ఓడేదాకానో రా. ఒక రోజులో తేలకపోతే ఎక్కడిదక్కడ రాసుకుని మళ్ళీ అక్కణ్ణించే ఆడదాం. తేలిపోయాక నిన్ను రమ్మంటే అడుగు."

జెస్సీ కాసేపు పైకప్పు వంక చూసింది.

"ఒక్కటేనండీ."

"ఒక్కటే."

మంగళవారం ఇంకో పెట్టె కొని, కార్డులన్నీ ఇంట్లో పరుచుకుని కూర్చున్నాడు భాస్కరరావు. నలుగురి ఆటలో బలం కనబడ్డవాడి మీద మిగతా ముగ్గురూ పడతారు. అందుకని ఏనుగులు తీసేశాడు, ఫిరంగులు తీసేశాడు. కట్టను మళ్ళీ కలపమనే కార్డులు తొమ్మిదీ పక్కన పడేశాడు. ఆ హాల్లో కార్డులు కలపడం ఎవరివల్లా కాదు. నలుగురి కట్టలూ దీవెనే కలిపిస్తుంది.

వాటి బదులు వైద్యుడి కార్డులు పెట్టాడు. అవి తనకే కాదు, ఎవరికి ప్రాణాలు తగ్గినా పోస్తాయి. దెబ్బను ఆపే గట్లు పెట్టాడు. సున్నాకు దిగినవాణ్ణి వెనక్కి పిలిచే శంఖాలు పెట్టాడు. వాడేసిన కార్డుల్ని మళ్ళీ కట్ట అడుక్కి చేర్చే పడవలు పెట్టాడు. నెగ్గించే కార్డు ఒక్కటీ లేదు. ఆ కట్ట నెగ్గడానికి కాదు, ఎవరినీ నెగ్గనివ్వకుండా, ఓడనివ్వకుండా ఉండటానికి. లెక్కేసి చూసుకున్నాడు. ఈ లెక్కన ఆట ఉగాది దాకా లాగుతుంది. ఉగాది తర్వాత సంగతి అప్పుడు చూసుకోవచ్చు.

మూడు గట్లే తక్కువయ్యాయి. అవీ ఇప్పుడు తోమా దగ్గర దొరికాయి.

ఆట మొదలైంది. తోమా కొత్త ఏనుగుతో జెస్సీ మీదికి వచ్చాడు. భాస్కరరావు గట్టు వేశాడు. సత్యవతి తోమా మీద ఫిరంగి పేల్చింది. భాస్కరరావు తోమాకు వైద్యుణ్ణి పంపాడు.

"మీరు ఎవరి పక్షమండీ అసలు?" అంది సత్యవతి.

"అందరి పక్షం."

"అయితే ఎలక్షన్లో నిలబడండి," అన్నాడు తోమా.

పన్నెండు దాటింది. జెస్సీ లెక్క చూసింది. నలుగురికీ మళ్ళీ నలభై ప్రాణాలే. భాస్కరరావు వైపు తల తిప్పింది.

"నన్ను నెగ్గనివ్వరు, ఓడనివ్వరు. అంతేనాండీ?"

"ఆటన్నాక అలాగే ఉంటుందమ్మా. మాట మాటే కదా?"

"మాటేనండీ. ఆ రూల్స్ కాగితం ఓసారి ఇప్పించండి."

దీవెన అందించింది. జెస్సీ ఒక చేత్తోనే మడతలన్నీ విప్పింది. చివరి వరుస చదివి తెలుగులో చెప్పింది.

"ఏ ఆటగాడైనా ఎప్పుడైనా, ఎవరి అనుమతీ లేకుండా ఆట నుంచి తప్పుకోవచ్చు. తప్పుకుంటే ఓడినట్టేనటండీ."

భాస్కరరావు కార్డులన్నీ ఒక్కొక్కటే చదివాడు. ఆ కాగితం మాత్రం విప్పలేదు.

"శంఖం వేస్తున్నాను," అన్నాడు.

"అది ప్రాణాలు పోయినవాళ్ళకండీ బాబాయిగారూ. తప్పుకున్నవాళ్ళకి పనిచెయ్యదు. అదీ ఇక్కడే ఉంది."

తన అరవై కార్డులూ సర్ది, రబ్బరు బ్యాండు వేయించి, ఆయన బల్ల మీదికి పంపింది.

"మంచి కట్టండీ మీది. నా కోసం ఇంత లెక్క ఎవరూ వెయ్యలేదు."

సత్యవతి కళ్ళద్దాలు తీసేసింది.

జెస్సీ పిలిస్తే దీవెన వచ్చింది. రెండుసార్లు అడిగింది. జెస్సీ రెండుసార్లూ తలూపింది.

ఇంకా గంటన్నర మిగిలుండగానే, దీవెన నాలుగో మంచం దగ్గర డయాలసిస్ మిషను ఆపి, జెస్సీ ఎడమచేతికున్న సూదులు రెండూ తీసేసింది.