వేరు దగ్గర తల వంచాలి

చీమలపుట్టలో చిట్టిచీమ తిన్నగా కొత్త దారి తవ్వి, పాత వంకర దారి పూడ్చేసింది.

ముసలిచీమ సూరమ్మకి ఒళ్ళు మండింది. "నన్నడక్కుండా పూడుస్తావుటే? నీ దారిలో అడుగుపెడితే ఒట్టు!" అని నూకగింజ నెత్తిన పెట్టుకుని బయటే నిలబడింది. పాత వాసన పట్టి నడిచే ముసలి చీమలన్నీ గింజలతో ఆవిడ వెనకే ఆగిపోయాయి. ఇంతలో చినుకులు మొదలయ్యాయి. గింజలు తడిస్తే పుట్టంతా పస్తులే.

చిట్టిచీమ గబగబా పాత గుమ్మం తెరిచి, లోపల కొత్త దారికి కలిపి, పాత మట్టి కాస్త చల్లింది. "రా అమ్మమ్మా, ఇది నీ దారే!"

సూరమ్మ వాసన చూసి, దర్జాగా లోపలికి నడిచింది. గుమ్మం దాటగానే, పాత దారిలో చెట్టు వేరు అడ్డొచ్చే చోట తల వంచింది. ఇప్పుడక్కడ వేరు లేదు. వెనకున్న ముసలి చీమలూ వంచాయి. నవ్వాపుకుంటూ చిట్టిచీమా వంచింది.

"చూశావుటే, మా దారికి సాటేదీ?" అంది సూరమ్మ.