ఎవరూ వాడని పేరు

మార్చి 4. ఇసికెలి సార్ తన చేత్తో నాకు టీ తెచ్చివ్వడం ఇవాళ్టి మొదటి వింత.

మా సువా ఆఫీసులో ఓడ టికెట్లలోని తప్పులు ఏరే పని నాది. ఆ పని తనంతట తనే చేసే ప్రోగ్రాం కూడా నేనే రాశాను. ఇక దానికో పేరు కావాలి. ఆఫీసు కంప్యూటర్లలో ఎవరూ వాడనిదై ఉండాలి, ఉద్యోగుల లాగిన్‌లతో సహా.

వల, గాలం, జల్లెడ. నేను ముచ్చటపడి ఏరుకొచ్చిన మాటలన్నీ సార్ కంప్యూటర్లో కొట్టి చూశాం. అన్నీ ఎవరో వాడేసినవే.

"నీ పేరే పెడదాం కెలెరా. నీకు యదా అవుతుంది," అన్నారు సార్.

నా ఒళ్ళు పులకరించింది. మన పేరు పెట్టుకున్న బిడ్డ మనకు యదా. అంతకు మించిన గౌరవం మా ఫిజీ వాళ్ళకు లేదు. ఆ బిడ్డను చూడబోతే వట్టి చేతులతో వెళ్ళం.

"ఎలా కుదురుతుంది సార్? నా లాగిన్ అదేగా!" నవ్వుతూనే కొట్టాను.

"ఈ పేరు ఎవరూ వాడటం లేదు," అని వచ్చింది తెర మీద.

"పొద్దున్నే తీసేయించాను. టీ తాగమ్మా, చల్లారిపోతుంది," అన్నారు సార్. "రేపు ఎనిమిదింటికి మీ యదా పనిలో చేరుతోంది. ఓసారి వచ్చి చూసి వెళ్ళు. వట్టి చేతులతో రాకేం, ఆఫీసు తాళాలు పట్టుకురా."