ఇరవై నాలుగు గంటల దాహం

మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు, ఆపరేషన్ వార్డులో నాలుగో మంచం దగ్గర, హెడ్ సిస్టర్ ట్రైనింగు నర్సు చేతిలోని నీళ్ల గ్లాసు లాక్కుని సింకులో పారబోసింది.

"ఎవర్ని అడిగి తెచ్చావు?"

"డాక్టరుగారిని అడిగాను సిస్టర్. వార్డు రూలు ఎలా ఉంటే అలా చెయ్యమన్నారు."

"రూలేంటి?"

"ఆపరేషనయ్యాక ఇరవై నాలుగు గంటలు నీళ్లు ఇవ్వకూడదని. ఎందుకివ్వకూడదని అడిగితే, అది మీకే తెలుసన్నారు."

"నాకేం తెలుసు? రూలు పెట్టింది డాక్టర్లు! మరి గ్లాసెందుకు పట్టుకొచ్చావు?"

"కారణం ఎవరికీ తెలీదు కాబట్టి."

నాలుగో మంచం మీద ఉన్నది బట్టలు కుట్టే ఆవిడ. పొద్దున తొమ్మిదిన్నరకు విరిగిన కాలికి ఆపరేషన్ జరిగింది. మత్తు నడుము దగ్గరే ఇచ్చారు. వాంతులు లేవు, మాట తడబడటం లేదు, ఉమ్ము మింగగలుగుతోంది. ఇవన్నీ ట్రైనింగు నర్సు గంటగంటకూ చూసి రాసింది. పెదాలు పగిలాయని కూడా రాసింది.

"కోసింది కాలు కదమ్మా, మధ్యలో నా గొంతేం చేసింది?" అంది ఆవిడ.

పక్క మంచం మీది ముసలాయన నవ్వబోయి, సిస్టర్ మొహం చూసి దుప్పటి ముసుగు పెట్టాడు.

"నువ్వు పడుకోమ్మా. పంతొమ్మిదేళ్లుగా ఉన్నానిక్కడ. నీళ్లు లేక ఎవరూ పోలేదు," అంది సిస్టర్ నాలుగో మంచం ఆవిడతో.

"నీళ్లు ఇస్తే ఎవరైనా పోయారా సిస్టర్?" అంది ట్రైనింగు నర్సు.

"ఇస్తేగా పోవడానికి!"

"ఇవ్వకుండా తెలిసేదెలా?"

"నోరు బాగానే లేస్తోందే!"

ట్రైనింగు నర్సుకు ఒళ్లు మండింది. చేసే ప్రతి పనికీ ఆధారం అడగమని కాలేజీలో మూడేళ్లు నూరిపోశారు. ఇక్కడ అడిగితే దొరికేవి అక్షింతలు.

"ఇలాంటి ఆపరేషన్ తర్వాత మనిషి తెలివిగా ఉండి, వాంతులు లేకపోతే, కొద్దికొద్దిగా నీళ్లు పట్టొచ్చని మా పుస్తకంలో ఉంది. వేలమందిని చూసి రాశారు."

"ఆ వేలమందినీ నా వార్డుకు తోలుకురా. రేపు నీ ట్రైనింగు కాగితం మీద సంతకం పెట్టాల్సింది నేను, నీ పుస్తకం కాదు."

"పెట్టకండి. ఫెయిలైతే అవుతాను. ఆ రూలుకు ఆధారం చూపించండి, చాలు."

"ఆధారం కావాలా నీకు? ఉండు."

సిస్టర్ విసురుగా వెళ్లి, తన బల్ల వెనక గోడకున్న అద్దం ఫ్రేము పీకి తెచ్చింది. దాన్ని ట్రైనింగు నర్సు ముక్కు ముందు పెట్టింది. లోపల టైపు చేసిన కాగితం. 'ఆపరేషన్ వార్డు రోగులకు ఇరవై నాలుగు గంటలపాటు నీళ్లు ఇవ్వరాదు.'

"సూపరింటెండెంటుగారి ఆర్డరు. నేను చేరేనాటికే గోడమీద ఉంది. తృప్తేనా?"

"సంతకం లేదుగా."

"వెనక ఉంటుంది!"

"మీరెప్పుడైనా చూశారా?"

సిస్టర్ మొహం కందిపోయింది. ట్రేలోంచి కత్తెర తీసుకుని ఫ్రేము వెనకున్న మేకులు ఒక్కొక్కటే ఊడబెరికింది. అట్ట తీసి మంచం మీద పడేసింది. కాగితం తిప్పింది.

సంతకం ఉంది. ముద్ర ఉంది.

"ఇదిగో! ఇప్పుడేమంటావు?"

సంతకానికి పైన ఇంకా రెండు వాక్యాలు ఉన్నాయి. వార్డంతా వినాలని సిస్టర్ వాటిని గొంతెత్తి చదివింది.

'కారణం: మేడమీది నీళ్ల ట్యాంకులో పిల్లి పడి చచ్చింది. రేపు ట్యాంకు కడిగించిన వెంటనే ఈ కాగితం తీసి పారవేయవలెను.'