ఓపల్ చేతికి సరిపోయే తుపాకీ

“ఇది బరువెంత పిల్లా?” అన్నాడు వర్జిల్ స్టిడమ్.

లోర్నా ఇందాకే చెప్పింది. అయినా మళ్లీ చెప్పింది. కెంటకీ కొండల్లో తుపాకుల కొట్టు నడిపే ఆడదానికి ఓపిక లేకపోతే కుదరదు. పైగా ఎదురుగా నిలబడ్డ ముసలాయన ఆ చుట్టుపక్కల సగంమందికి జింకను కొట్టడం నేర్పినవాడు. ఆ సగంలో లోర్నా కూడా ఉంది.

“పసిపిల్లంత కూడా ఉండదు మామా. ఓపల్ అత్త పొద్దస్తమానం భుజాన వేసుకుని తిరిగినా నొప్పెట్టదు.”

“నాకెందుకే ఇది?” అంది ఓపల్. వర్జిల్ భార్య ఆమె. చేతిసంచి పొట్టకు అదుముకుని గుమ్మం దగ్గరే నిలబడింది. అంత ఎండలోనూ మెడకు రుమాలు చుట్టుకుంది.

కౌంటరు మీద పాత దుప్పటిలో వర్జిల్ తుపాకులన్నీ ఉన్నాయి, తాతలనాటి రెండు గొట్టాల తుపాకీతో సహా. అన్నీ అమ్మేయమన్నాడు. ఒక్కటైనా ఉంచుకోమంటే వద్దన్నాడు. భుజం పాడై ఉంటుంది, చెప్పుకోవడానికి నామోషీ పడుతున్నాడని లోర్నా సరిపెట్టుకుంది. కానీ ఆ దుప్పటి చూస్తుంటే ఆమెకు మనసు చివుక్కుమంది.

“ఇక వేటకి ఈవిడే వెళ్తుంది. శీతాకాలానికి మాంసం కావాలిగా,” అన్నాడు వర్జిల్. “ఇంటికి కాపలా కూడా ఇదే. పొడుగుదైతే గదుల్లో తిప్పలేదు.”

“అయితే ఈ కార్బైనే తీసుకో. పొట్టిది, వెనక్కి తన్నదు. ఒక తూటా పేలగానే ఇంకోటి దానంతటదే ఎక్కుతుంది, మీట నొక్కడమే పని. జింకనైతే…”

“జింక సంగతి ఉండనీ. నా అంత మనిషి. చెయ్యి చాపితే అందేంత దూరం. మీదికొస్తున్నాడు. ఆగుతాడా?”

లోర్నా నవ్వబోయి, ఆయన మొహం చూసి మానేసింది. “ఎవరొచ్చారు మామా?”

“రెండుసార్లయింది. రెండోసారి గొంతు పట్టుకున్నాడు.”

ఓపల్ చెయ్యి రుమాలు మీదికి పోయింది.

“నువ్వెక్కడున్నావప్పుడు?”

“ఇంట్లోనే ఉన్నా. నాకేం తెలీదు. పొద్దున్న కాఫీ తాగుతూ ఈవిడ మెడ చూసి అడిగితే తలుపు తగిలిందంది. బతిమాలగా బతిమాలగా చెప్పింది.”

“షెరీఫ్‌కి చెప్పారా?”

“చెప్పం,” అంది ఓపల్. గొంతు బొంగురుగా వచ్చింది. “తెలిసిన మనిషి. చెడ్డవాడు కాదు. అలా ఉన్నప్పుడు ఏం చేస్తున్నాడో తనకే తెలీదు. చెబితే తీసుకుపోయి ఎక్కడో పడేస్తారు.”

లోర్నాకి ఇంకొకరు చెప్పే పని లేకపోయింది. ఓపల్ తమ్ముడి కొడుకు డెన్నీ నొప్పి మాత్రలకు మరిగి ఎందుకూ పనికిరాకుండా పోయాడని ఊరందరికీ తెలుసు.

“డెన్నీ గాడేగా? నువ్వు వెనకేసుకొచ్చి వాణ్ణి పాడు చేస్తున్నావత్తా. మా అన్నకి ఒక్క మాట చెప్పానంటే కాళ్లు విరగ్గొడతాడు.”

“పేరు అడక్కు,” అన్నాడు వర్జిల్. కార్బైన్ అందుకుని భుజానికి ఆన్చి, గురి చూస్తూ అటూ ఇటూ తిప్పాడు. గొట్టం ఓపల్ మీదుగా పోయింది.

లోర్నా చప్పున దాన్ని పక్కకు నెట్టింది. “తెరిచి చూడలేదు మామా.”

ఇచ్చినవాళ్లు తెరిచి చూపించినా, పుచ్చుకున్నవాళ్లు మళ్లీ తెరిచి, లోపల తూటా లేదని చూసుకోవాలి. ఆ కొండల్లో చిన్నపిల్లలు కూడా మరచిపోని అలవాటది. ఒకసారి చూసుకోలేదని లోర్నా చెవి మెలిపెట్టింది ఈయనే. వర్జిల్ చేతిలోని తుపాకీ వంక చాలాసేపు చూశాడు.

“పొరపాటైంది మేవిస్,” అన్నాడు.

“మేవిస్ మా అమ్మ మామా. నేను లోర్నాని.”

అచ్చం తల్లి పోలికే అని అందరూ అనేదే. లోర్నా దాన్ని పట్టించుకోలేదు. భార్య మెడ మీద వేళ్ల గుర్తులు చూసిన మనిషికి ఏం జ్ఞాపకం ఉంటుందిలే అనుకుంది. తుపాకీ అమ్మే ముందు అడగాల్సిన సర్కారు ఆఫీసుకి ఓపల్ పేరు మీద ఫోన్ చేసి అనుమతి తీసుకుంది.

“దీనికో ఇనప్పెట్టె కావాలి. అంకెల తాళం ఉన్నది,” అన్నాడు వర్జిల్. “ఆ అంకెలు ఓపల్‌కే చెప్పు. నేనడిగినా చెప్పకు.”

“ఎందుకు మామా, నీ నోట్లో నువ్వుగింజ నానదా?”

“నానదు,” అన్నాడాయన, నవ్వకుండా.

కొట్టు వెనక కొండవాలుకి మనిషి ఆకారం ముద్రించిన కాగితం కట్టి ఉంటుంది. కొన్నవాళ్లు అక్కడ కాల్చి చూసుకున్నాకే ఇంటికి వెళ్తారు. ముగ్గురూ అక్కడికి వెళ్లారు. వర్జిల్ భార్య వెనక నిలబడి ఆమె మోచేయి సరిచేశాడు, చెంప దగ్గర కార్బైన్ ఆన్చాడు. ఓపల్‌కి కళ్లనీళ్లు కారిపోతున్నాయి.

“ముందు పేరు పెట్టి పిలు. పేరు వింటే తెలివొచ్చి ఆగొచ్చు. ఆగకపోతే కాల్చు.”

“గొంతు పిసికినవాడికి అంత మర్యాద దేనికి మామా?” అంది లోర్నా.

“నీకు తెలీదు, ఊరుకో.”

“నా వల్ల కాదు,” అంది ఓపల్.

“అవుతుంది. ఓపల్, నీకేదన్నా అయిపోయాక పొద్దున్నే లేచి నిన్ను చూస్తే నేనెలా బతకను? పిలు.”

ఆ డెన్నీ గాడి పేరు ఈవిడ నోట ఒక్కసారి వినబడితే చాలు, సాయంత్రానికల్లా అన్నని వాడి ఇంటికి పంపాలని లోర్నా నిశ్చయించుకుంది. ఓపల్ ఊపిరి బిగబట్టి గురి చూసింది.

ఆ కాగితం మనిషిని “వర్జిల్” అని పిలిచింది.